తిరిగిరాని బేరం

కూర్చో. చెప్పులు విప్పు.
మొహం తర్వాత చూస్తాను,
నా కొట్లో బేరం కాలితోనే మొదలు.

పొద్దున కొన్న బూటు సాయంత్రానికి ఇరుకు.
అందుకే మూడు దాటాకే తలుపు తీస్తాను.
నెకొక్లీ ఎండకి పాదం ఉబ్బి
అసలు కొలత ఒప్పుకునేది అప్పుడే.

ఇదిగో దారం, మడమ నుంచి వేలి కొస దాకా.
కుడికాలు ఒకలా, ఎడమకాలు ఇంకోలా ఉందా?
కంగారుపడకు, అందరివీ అంతే.
జత సరిచూసి పంపే తీరిక దేవుడికెక్కడిది!
పెద్దకాలికే కొందాం, చిన్నది సర్దుకుంటుంది.
సర్దుకోవడం ఎప్పుడూ చిన్నదాని వంతే కదా.

ఆ తోలువి ముట్టుకోకు.
తోలు నీళ్లు తాగుతుంది, తాగింది కక్కదు.
మూడో వాగు దాటేసరికి
కాలికో పసిబిడ్డను కట్టుకుని నడిచినట్టుంటుంది.
ఇవిగో, నల్ల రబ్బరువి, అందం చందం లేనివి.
నీళ్లొస్తే గుమ్మరించు, మళ్లీ తొడుక్కో.
పిక్క ఒరుసుకుపోకుండా
మేజోడు పైకి లాగి అంచు మీదకి మడుచుకో.

నీకెలా తెలుసంటావా?
ఇటు చూడు. ఈ కాలికి నాలుగే వేళ్లు.
పదకొండేళ్లు అరటితోటల్లో
కాలవనీళ్లలో నిలబడి గెలలు మోశాను.
రాత్రి బూటు విప్పితే
నానిన రొట్టెలా పాదం.
ఐదోది ఎప్పుడు చచ్చిందో నాకే తెలీదు.
నొప్పి ఉన్నన్నాళ్లూ కాలు బతికున్నట్టే, యుస్మరీ,
అది ఆగిన రోజున భయపడు.

పొడి మేజోళ్లు ఒక జత
ప్లాస్టిక్ సంచిలో చుట్టి
పాస్‌పోర్టు కన్నా భద్రంగా దాచుకో.
అవి రాత్రికే. కాళ్లు తుడుచుకుని, వేళ్ల సందుల్లో గాలి తగలనిచ్చి, అప్పుడు.
తడివి కడుపుకి ఆనించుకుని పడుకో,
ఒంటి వేడికి కాస్తయినా ఆరతాయి.
తెల్లారాక ఏడుపొచ్చినా సరే
తడివే తొడుక్కో.
మంట మొదలైన చోటే ఆగి, పట్టీ వెయ్యి.
ముందువాళ్లు వెళ్లిపోతారని
ఆగకుండా నడిచినవాళ్లే
ఆ అడవిలో వెనకబడిపోతారట.
బొబ్బ పొంగితే తోలు ఊడబెరక్కు,
అంతకన్నా మంచి గుడ్డ నా కొట్లో లేదు.

వీడా? ఏం పేరు? దేవీసా!
అడుగేస్తే మడమలో ఎర్రలైటు వెలిగే బూట్లు,
వేసిన అడుగల్లా మెరుస్తోందని
నా కొట్టంతా తొక్కేస్తున్నాడు.
వీడి కొలత లేదమ్మా.
ఉందని చెప్పగలను. రెండు సైజులు పెద్దది తీసి
ముందు గుడ్డ కుక్కి అమ్మగలను.
నిన్న అలాగే ఒకటి అమ్మాను.
ఆ పిల్ల మెట్లు దిగుతుంటే
బూటు లోపల కాలు టకటకా కొట్టుకోవడం వినబడింది.
డబ్బులు లెక్కపెడుతూ తల ఎత్తలేదు నేను.

బుధవారం టర్బో నుంచి సరుకొస్తుంది.
రెండు రోజులు ఆగు.
ఆగలేవు. తెలుసు. రేపటి పడవకి
టికెట్ కొనేశావు, ఉన్నదంతా పెట్టేశావు.

నాది తిరిగిరాని బేరం.
కరిచిందని, చినిగిందని, మోసం చేశావని
ఆరేళ్లలో ఒక్కరొచ్చి
నాతో పోట్లాడింది లేదు.
పక్కకొట్టు బెల్లానిరా అది నా అదృష్టం అంటుంది.
ఒక్కరంటే ఒక్కరు వచ్చి
ఈ బల్ల మీద బూటు విసిరికొట్టి
తిడితే వినాలని ఉంది.

సరే, ఆ లైటు బూట్లే వేసి పంపు, కొలతకి ఉన్నాయి కదా.
రెండు జతల మేజోళ్లు ఇస్తాను, డబ్బులొద్దు.
ఆ సంచి ఇలా పెట్టి
వాడి కాలు నా ఒళ్లోకి ఇవ్వు.
గోళ్లు తీస్తాను. తిన్నగా తియ్యాలి,
మూలల్లోకి కోస్తే లోపలికి పెరుగుతాయి.

కదలకురా నాన్నా.
ఇంకా నాలుగున్నాయి.